యంత్రసంగీతమూ, నేనూ

నాకు 1980 దశకం నాటి పాశ్చాత్య యంత్రసంగీతమంటే యిష్టం. యీ వొక్క వాక్యం బాహాటంగా రాయడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది.

తెలుగు సాహిత్యంలో ఎమ్మే చదివి, కాలేజీలో ప్రబంధాలూ, భావకవిత్వమూ పాఠం చెప్పుకునేవాడు, అందులోనూ అభ్యుదయ సాహిత్యంతో సంబంధం పెట్టుకున్నవాడు, సాయంత్రం తలుపు వేసుకుని సింథసైజర్ల మోతకు తల వూపుతున్నాడంటే వినేవారికి అదొక బలహీనతలాగానే కనిపిస్తుంది. నాకూ అలాగే కనిపించింది. మూడేళ్ళ కిందట మా విద్యార్థి వొకడు పుస్తకం కోసం యింటికి వచ్చి, లోపలినుంచి వస్తున్న పాట విని, "సార్, మీరు యిలాంటివి కూడా వింటారా?" అని అడిగాడు. "పక్క వాటావాళ్ళది" అన్నాను. పాట నా గదిలోనే మోగుతున్నది. ఆ కుర్రవాడు నమ్మాడో లేదో గాని, మర్యాదగా పుస్తకం తీసుకుని వెళ్ళిపోయాడు. అబద్ధం చిన్నదే. కాని ఆ రాత్రి ఆలోచిస్తే, నేను తప్పించుకున్నది విద్యార్థినుంచి కాదనీ, వొక మనిషిని నాకేమీ కానట్టు వెనక్కు నెట్టాననీ తోచింది. ఆ మనిషి మా మేనమామ.

మామది అప్పటి కరీంనగర్ జిల్లా. 1983లో అప్పుచేసి, ఏజెంటుకు డబ్బు కట్టి, షార్జా వెళ్ళాడు. పదేళ్ళు అక్కడ వొక యినుప షెడ్డులో వెల్డింగు పని చేశాడు. తిరిగి వచ్చేటప్పుడు తెచ్చినవి రెండు దుప్పట్లు, వొక గోడగడియారం, టేప్‌రికార్డర్, ముప్పైకి పైగా కేసెట్లు. అప్పు తీరింది, యిల్లు సగం లేచింది. మిగతా సగం లేవడానికి మరో పన్నెండేళ్ళు పట్టింది, అది వేరే కథ. కేసెట్లన్నీ దొంగకాపీలే. అట్టమీద వొకరి బొమ్మ, లోపల మరొకరి పాట. మోడర్న్ టాకింగ్ అట్టలో డెపెష్ మోడ్ వుండేది. కొన్నింటి మీద పేరే వుండేది కాదు, మామ బాల్‌పెన్నుతో "మంచిది", "రాత్రిది", "లొల్లి" అని రాసుకున్నాడు. సంగీత విమర్శకులు చేసిన వర్గీకరణలు తరవాత చాలా చదివాను గాని, వాటిలో యింతకన్నా పనికివచ్చేది కనపడలేదు.

నేను పుట్టింది 1980 దశకం ఆఖర్న. ఆ పాటలు విన్నది అవి పాతబడిన తరవాత, మామ వసారాలో. అంచేత నాది అనుభవించి పోగొట్టుకున్న కాలం మీద బెంగ కాదు. అరువు తెచ్చుకున్న బెంగ. యీ సంగతి పాఠకులకు ముందే చెప్పడం మంచిది.

షార్జాలో మామ వున్న గదిలో తొమ్మిదిమంది. యిద్దరు మలయాళీలు, వొక పెషావరు మనిషి, చిట్టగాంగునుంచి వచ్చినవాళ్ళు కొందరు, మనవాళ్ళు ముగ్గురు. హిందీ పాటలు అందరూ వినేవారు, "డిస్కో డాన్సర్" పాటలు పాడనివాడు లేడట. ఐతే శుక్రవారం నాడు పెషావరు మనిషి తన పాట పెడితే తక్కినవాళ్ళకు విసుగు, మనవాళ్ళు ఘంటసాల పెడితే వాళ్ళకు విసుగు. యీ ఇంగ్లీషు పాటలు మాత్రం ఎవరికీ అర్థం కావు గనక అందరివీ అయ్యాయి. నేను చిన్నప్పుడు మామను అడిగాను, తెలియని పాట ఎందుకు వింటావని. "గీ పాటల మా షెడ్డు చప్పుడున్నది అల్లుడా" అన్నాడు. మామ తమాషాకు అన్నాడనుకున్నాను.

తమాషా కాదు. ఆయన యిష్టంగా వినే కేసెట్టుల్లో వొకటి డెపెష్ మోడ్ వారి "కన్‌స్ట్రక్షన్ టైమ్ ఎగైన్" అని నాకు ఎమ్మే చదివే రోజుల్లో తెలిసింది. అది 1983లో వచ్చింది. లండనులో షోర్‌డిచ్ అనే పేటలో స్టూడియో. ఆ కుర్రవాళ్ళు టేప్‌రికార్డర్ పట్టుకుని చుట్టుపక్కల భవనాలు కట్టే చోటికి వెళ్ళి, గొట్టాలనూ, రేకులనూ, యినుప కంచెలనూ కొట్టి, ఆ చప్పుళ్ళు పట్టుకొచ్చారు. వాటిని కొత్తగా వచ్చిన శాంప్లింగ్ యంత్రాల్లోకి ఎక్కించి, మీటలమీద స్వరాలుగా వాయించారు. ఆ ఆల్బంలో "పైప్‌లైన్" అనే పాట మొత్తం యిలాంటి చప్పుళ్ళతోనే కట్టారు. అట్టమీద బొమ్మ కొండలముందు సమ్మెట ఎత్తిన మనిషి. వ్యాపార సంస్థల దురాశను ఎత్తిపొడిచే "ఎవ్రీథింగ్ కౌంట్స్" అందులోదే. మామ యివేవీ ఎరగడు. అట్టకూడా ఆయనకు దొరకలేదు. ఆయన విన్నది యినుము మీద యినుము పడ్డ చప్పుడు. సరిగ్గానే విన్నాడు.

మన కవులు కార్మికుణ్ణి గురించి చాలా రాశారు. యంత్రాన్ని భూతమని తిట్టారు, శక్తి అని పొగిడారు కూడా. ఐతే యంత్రం చేసే చప్పుడును సంగీతంగా విన్నవారు మనలో అరుదు. అది వినడానికి రోజుకు పది గంటలు దానిపక్కన నిలబడాలి కాబోలు.

యీ సంగీతం ఎక్కడ పుట్టిందో చూస్తే మామ మాట మరింత అర్థమవుతుంది. ఇంగ్లండు ఉత్తరభాగంలో షెఫీల్డు అనే వూరు వుంది. ఉక్కుకు పేరుమోసిన వూరు. 1980లో జనవరినుంచి ఏప్రిల్ దాకా ఉక్కు కార్మికులు దేశమంతటా సమ్మె చేశారు. తరవాత కార్ఖానాలు వొకటొకటే మూతబడ్డాయి. థాచర్ ప్రభుత్వం గద్దె ఎక్కిన మూడేళ్ళలోపే, 1982 జనవరి నాటికి, బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటింది. హ్యూమన్ లీగ్ బృందం పుట్టింది యీ వూళ్ళోనే. దాన్ని మొదలుపెట్టిన మార్టిన్ వేర్, ఇయన్ క్రెయిగ్ మార్ష్ కంప్యూటర్ ఆపరేటర్లు. గాయకుడుగా వాళ్ళు తీసుకొచ్చిన ఫిలిప్ ఓకీ ఆస్పత్రిలో రోగులను తోసుకుపోయే పని చేసేవాడు. ఎవరికీ శాస్త్రీయ సంగీతం రాదు. 1980లో బృందం రెండుగా చీలింది. వొక ముక్క 1981లో "డేర్" అనే ఆల్బం తెచ్చి దేశాన్ని వూపేసింది, రెండోముక్క హెవెన్ 17 పేరుతో అదే సంవత్సరం ఫాసిజానికి వ్యతిరేకంగా వొక నాట్యగీతం పాడి బి.బి.సి. చేత నిషేధం వేయించుకుంది.

సంగీతం రాని కుర్రవాళ్ళు సంగీతకారులు ఎలా అయ్యారు? దీనికి జవాబు ప్రతిభ అని చెప్పడం తేలిక. నేను ధర అంటాను. 1960 దశకంలో రాబర్ట్ మూగ్ తయారుచేసిన సింథసైజర్లు గోడంత వుండేవి. విశ్వవిద్యాలయాలూ, బాగా డబ్బున్న బృందాలూ తప్ప వాటిని కొనలేకపోయాయి. 1970 దశకం మధ్యనుంచి జపాను కంపెనీలు, కోర్గ్, రోలాండ్ వగైరాలు, చిన్నవీ చవకవీ అమ్మసాగాయి. పియానో రావాలంటే యింట్లో పియానో వుండాలి, మాస్టరుకు జీతం యివ్వాలి, పదేళ్ళ తీరిక వుండాలి. ఆ చిన్న సింథసైజరుకు కొన్ని నెలల జీతం కూడబెడితే చాలు. వొక్క వేలితో వాయించవచ్చు. వొక్క వేలితో వాయించినట్టే వుంటాయి ఆ తొలి పాటలు, బీదగా, బోసిగా. ఆ బోసితనమే నాకిష్టం. గిటారు మొనగాళ్ళ విన్యాసాలలో వుండే అహంకారం అందులో లేదు.

యిక్కడ వొకమాట వొప్పుకోవాలి. యీ సంగీతానికి మూలపురుషులని చెప్పదగిన జర్మనీవారు, డ్యుసెల్‌డార్ఫ్ నగరపు క్రాఫ్ట్‌వెర్క్ బృందం, కార్మికుల బిడ్డలు కారు. వారిలో ఫ్లోరియన్ ష్నైడర్ తండ్రి పేరుపొందిన భవనశిల్పి. వర్గసూత్రాన్ని గుడ్డలాగ చించి అందరికీ కప్పాలనుకునేవారికి యిది యిబ్బంది. నాకు యిబ్బంది లేదు. 1978లో "ది మాన్ మెషీన్", 1981లో "కంప్యూటర్ వరల్డ్" చేసి, మనిషికీ యంత్రానికీ మధ్య గీత చెరిపివేసినవారు వారే. వారి రికార్డులు అట్లాంటిక్ దాటి ఎవరి చేతికి వెళ్ళాయో చూస్తే కథ మళ్ళీ మనదారికే వస్తుంది.

ఆ చేతులు నల్లవారివి. డెట్రాయిట్ కార్ల కంపెనీలమీద బతికిన నగరం. కంపెనీలు పని తగ్గించి, మనుషులను తీసివేసి, తెల్లవారు శివార్లకు పోగా, నగరం మధ్యభాగం పాడుబడింది. జువాన్ అట్కిన్స్, అతనితో బడిలో చదివిన స్నేహితులు యిద్దరు, క్రాఫ్ట్‌వెర్క్‌ను మళ్ళీమళ్ళీ విని, చవక యంత్రాలతో టెక్నో అనే కొత్తరకం నాట్యసంగీతం పుట్టించారు. అట్కిన్స్ "నో యుఎఫ్ఓస్" వచ్చింది 1985లో. షికాగోలో దీనికి ముందే మరొకటి జరిగింది. 1979 జులై 12న అక్కడి బేస్‌బాల్ మైదానంలో వేలాది జనం చేరి డిస్కో రికార్డులు పేల్చివేసి పండగ చేసుకున్నారు. డిస్కో నల్లవారిదీ, స్వలింగ ప్రేమికులదీ అనే ద్వేషం ఆ మంటలో ఎంత వుందో తరవాత చాలామంది రాశారు. ఆ పేలుడు తరవాత అదే నగరంలో, వేర్‌హౌస్ వంటి క్లబ్బులలో, అదే నల్లవాళ్ళు, అదే స్వలింగ ప్రేమికులు డిస్కో శవాన్ని డ్రమ్ మెషీను మీద పడుకోబెట్టి లేపారు. దాన్నే హౌస్ సంగీతమన్నారు.

యీ కథలో నాకు ముచ్చటైన పాత్ర వొక యంత్రం. రోలాండ్ కంపెనీవారు టి.బి. 303 అనే చిన్న వెండిరంగు పెట్టెను 1981లో అమ్మకానికి పెట్టారు. వొంటరిగా గిటారు వాయించుకునేవాడికి పక్కన బేస్ తీగ వాయిస్తుందని చెప్పి అమ్మారు. అది బేస్ గిటారులా పలకనే లేదు, కప్పలా బెకబెకమన్నది. మూడేళ్ళకే తయారీ ఆపేశారు. పాతసామాను దుకాణాల్లోకి చేరింది. షికాగోలో ఫ్యూచర్ అనే బృందంవారు అలాంటి పాతపెట్టె వొకటి సంపాదించి, దాని బిరడాలను తయారుచేసినవాడు వూహించని తీరులో తిప్పుతూ పోయారు. 1987లో "ఆసిడ్ ట్రాక్స్" వచ్చింది. మరుసటి ఏడాదికి ఇంగ్లండు యువజనమంతా ఆ కప్ప పాటకు వెర్రెత్తింది. కంపెనీ పారేసినదాన్ని ఏరుకున్నవాళ్ళు చేసిన సంగీతమిది.

దీనికి మన దేశంలో వొక ముందుమాట వుంది. 1982లోనే బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే ఆయన అదే పెట్టెనూ, అదే కంపెనీ డ్రమ్ మెషీన్ 808నూ ముందు పెట్టుకుని, భైరవి, లలిత్, మాల్‌కౌఁస్ మొదలైన పది రాగాలను డిస్కో తాళానికి వాయించి రికార్డు యిచ్చాడు. ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలైతే ప్రపంచం నివ్వెరపోయి, యిది షికాగోకు అయిదేళ్ళ ముందటిది కదా అన్నది. ఆయన 2015లో పోయాడు. పండితులు చూస్తే రాగాన్ని చంపాడంటారు. నాకైతే ఆ రికార్డులో యంత్రం రాగానికి తలవంచినట్టే వినపడుతుంది. అలసటలేని తంబురా అది.

ఆయన జీవితమంతా హిందీ సినిమాల స్టూడియోలలో కూలికి వాయించిన వాద్యకారుడు. యీ మాటతో నేను యింతవరకూ దాటవేస్తూ వచ్చిన చోటికి రాక తప్పదు.

మా కాలేజీలో వొక పెద్దాయన వున్నారు, ఉద్యమంలో నాకన్న ముప్పై ఏళ్ళు పెద్ద. నా యిష్టం సంగతి చివరకు ఆయనతో చెప్పాను. ఆయన నవ్వలేదు. "వాద్యకారుల అన్నం తీసిన యంత్రం చప్పుడుకు నువ్వు తాళం వేస్తావా?" అని మాత్రం అడిగారు. దీనికి చరిత్ర వుంది. 1982లో బ్రిటన్ సంగీతకారుల కార్మికసంఘం లండన్ శాఖవారు సింథసైజర్లనూ, డ్రమ్ మెషీన్లనూ నిషేధించాలని తీర్మానించారు. వాద్యబృందం బదులు యంత్రాలు పెట్టుకుంటే తమ పొట్టలేం కావాలని వారి ప్రశ్న. ఆ తీర్మానం సంఘమంతటి విధానం కాలేదు. దాన్ని తలుచుకుని నవ్వే వ్యాసాలు యిప్పుడు చాలా వస్తాయి. నాకు నవ్వు రాదు. మన మద్రాసు స్టూడియోలలో యాభైమంది వయొలిన్లు వాయించే చోట కీబోర్డు ముందు వొక్కడు కూర్చోవడం 1980 దశకం చివరనుంచే మొదలైంది. మా వూళ్ళో బ్యాండుమేళంలో క్లారినెట్ వాయించే మనిషి వుండేవాడు. మా అమ్మ పెళ్ళికి ఆయనే వాయించాడు, నా పెళ్ళినాటికి ఆటో నడుపుతున్నాడు. పెళ్ళికి డి.జె. పెట్టెలు వచ్చాయి. వాటిలో మోగిన తాళం, పేరు మార్చుకున్న ఆ డ్రమ్ మెషీనుదే.

యంత్రం తప్పు కాదు, అది ఎవరి చేతిలో వుందన్నదే ప్రశ్న అని మనం చాలా సులువుగా అంటాం. నేనూ ఆ పెద్దాయనతో అదే అన్నాను. ఐతే ఆ జవాబు నాకే చాలలేదు. షెఫీల్డు కుర్రవాడు తన జీతం దాచి తన యంత్రం తాను కొనుక్కున్నాడు. మా వూళ్ళో యంత్రం కొన్నది అప్పు తెచ్చిన టెంటు సప్లయరు. క్లారినెట్ మనిషికి దాన్ని ముట్టుకునే అవకాశమే రాలేదు. వచ్చి వుంటే ఆయన దానితో ఏం చేసివుండేవాడో, మరో చరణ్‌జిత్ సింగ్ అయివుండేవాడో, ఎవరు చెప్పగలరు? యీ బాకీ తీరలేదు. అది తెలిసే నేను ఆ పాటలు వింటున్నాను. పెద్దాయనకు యింతకుమించి నావద్ద సమాధానం లేదు.

ఆ పాటలపట్ల మోజు యిప్పుడు లోకమంతా వుంది. 1985 నాటి కేట్ బుష్ పాట వొకటి, "స్ట్రేంజర్ థింగ్స్" అనే సీరియల్ పుణ్యమా అని, 2022లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కింది. గులాబీరంగు దీపాలు, ఖాళీ రోడ్డుమీద కారు, సింథసైజరు జీర, ఎనభైలంటే యింతే అని అమ్ముతున్నారు. ఆ బొమ్మలో నిరుద్యోగభృతికి నిలబడ్డ వరస కనపడదు. అణ్వాయుధాల భయం కనపడదు. 1980లో ఓ.ఎం.డి. బృందం హిరోషిమా మీద బాంబు వేసిన విమానం పేరుపెట్టి, "ఎనోలా గే" అని హుషారైన నాట్యగీతం చేసింది. బాంబుమీద నాట్యమేమిటని చదువుకున్నప్పుడు నాకు కోపం వచ్చింది. యిప్పుడు రాదు. ఆ వరస అంత తియ్యగా వుండబట్టే సంగతి తెలిసినరోజు గుండె జారుతుంది. ఐతే సంగతి తెలియాలి. తెలియనివ్వని బెంగ వ్యాపారం, నా అరువు బెంగకూడా చాలాకాలం అలాంటిదే.

మామ "రాత్రిది" అని రాసుకున్న కేసెట్టులో మొదటి పాట బ్రాన్‌స్కీ బీట్ వారి "స్మాల్‌టౌన్ బాయ్". 1984 నాటిది. గ్లాస్గోనుంచి వచ్చిన జిమ్మీ సోమర్‌విల్ ఆడగొంతంత హెచ్చుస్థాయిలో పాడతాడు. దానికింద యంత్రం నిమ్మళంగా, రైలులాగ కొట్టుకుంటూ పోతుంది. గదిలోని మలయాళీకి కాస్త ఇంగ్లీషు వచ్చు. యిల్లు విడిచి పోయే కుర్రవాడి పాట అని మామకు చెప్పాడట. అంతే చెప్పాడు. మామకు అంతే చాలింది. అప్పటికి ఆయన యిల్లు విడిచి రెండేళ్ళు. వయసు యిరవైనాలుగు.

ఆ కుర్రవాడు యిల్లు ఎందుకు విడిచాడో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అతను స్వలింగ ప్రేమికుడు. చిన్న వూరు బతకనివ్వలేదు. బృందంలో ముగ్గురూ ఆ సంగతి దాచుకోనివారే. 1984 డిసెంబరు 10న లండనులో వారు పాడిన కచేరీ సమ్మెలో వున్న గని కార్మికులకోసం. స్వలింగ ప్రేమికుల సంఘం వొకటి డబ్బాలు పట్టుకుని చందాలు పోగుచేసి, దక్షిణ వేల్సులోని డులైస్ లోయలో గనివాళ్ళ కుటుంబాలకు పంపుతూ వుండేది. వాళ్ళు ఏర్పాటుచేసిన కచేరీ అది. సమ్మె 1985 మార్చిలో వోడిపోయింది. ఆ జూన్‌లో లండనులో స్వలింగ ప్రేమికుల వూరేగింపు జరిగితే, గనికార్మికులు తమ సంఘం జెండాలతో వచ్చి ముందువరసలో నడిచారు. తరగతిలో ఐక్యసంఘటన అనే మాట నేను ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. దానికి తాళం యిలా వుంటుందని అప్పుడు తెలిసింది.

కిందటి సంక్రాంతికి మామను చూడబోయాను. కేసెట్లు ఎప్పుడో బూజుపట్టి పోయాయి, టేప్‌రికార్డరులో బియ్యం చీమలు గూడు పెట్టాయి. నా ఫోనులో ఆ పాట పెట్టాను. వినికిడి తగ్గింది, వెల్డింగు షెడ్డు యిచ్చిన పింఛను అది. ఫోను చెవికి ఆనించుకుని విన్నాడు. పాట సగంలో వుండగా, ఆ కుర్రవాడు ఎందుకు వెళ్ళిపోయాడో మొత్తం చెప్పాను. మా వూరి వసారాలో, పక్కన అత్త కూరగాయలు తరుగుతూ వుండగా, అలాంటి మాట చెప్పడం నాకు తేలిక కాలేదు. విద్యార్థికి అబద్ధం చెప్పిన నోరు గదా.

మామ ఏమీ అనలేదు. పాట ఐపోయేదాకా ఫోను చెవినుంచి తియ్యలేదు.

"ఆ పిలగాడు మల్ల యింటికి పోయిండా?" అన్నాడు.

పాటలో ఆ సంగతి లేదని చెప్పాను. మళ్ళీ పెట్టమన్నాడు.